రస్తా దున్నుకుంటే ఎట్లా?

అన్నలారా, ఇంగ్లండులో చేన్ల నడుమ గుర్రాలు పోయే పాత బాటలున్నాయి. 1968 చట్టంతో వాటి మీద సైకిల్ తొక్కే హక్కూ ఇచ్చినారు. ఇప్పుడు లావు టైర్ల సైకిళ్లతో ఆ గరుసు బాటలు వెతుక్కుంటూ తిరుగుతారు, అదో సరదా. అక్కడ రైతు చేను మధ్య బాటను దున్నితే 14 రోజుల్లో మళ్లీ సరిచేయాల. చేను అంచున ఉన్న బాటనైతే దున్ననే కూడదు.

మరి మనం? గ్రామ నక్షలో ఉన్న బండి రస్తాను ఏటా ఒక్కో సాలు కలిపేసుకుంటున్నాం. నేనూ రెండు సాళ్లు జరిపినోణ్ణే, దాచేదేముంది. ఎద్దులబండి పోయిన చోట ఇప్పుడు సైకిల్ కూడా పట్టదు. శెనక్కట్టె ఇంటికి తోలాలంటే పక్క చేను కోత అయ్యేదాకా కాచుకోవాల. వానలు పడకముందే సర్వేయరుతో కొలిపించి రాళ్లు నాటిద్దాం. ఎర్ర గరుసు మనకేం కరువా? నా రెండు సాళ్లు ఈ వారమే వదులుతా.