సంతృప్తి సర్వేలు అడగని ప్రశ్న

ప్రైవేటు విశ్వవిద్యాలయాల ప్రకటనల్లో ర్యాంకులు, ప్లేస్‌మెంట్ల సరసన ఇప్పుడు ‘విద్యార్థి సంతృప్తి’ కూడా చేరింది. తరగతి గది, హాస్టల్, గ్రంథాలయం, ఫిర్యాదులపై స్పందన, అధ్యాపకుల ఆదరణ ఈ సంతృప్తిని నిర్ణయిస్తాయని మేనేజ్‌మెంట్ శాస్త్రం చెబుతుంది. అది అసత్యం కాదు, అర్ధసత్యం.

ఇటువంటి సర్వేలు ఎక్కువగా ఆశ్రయించే ‘సర్వ్‌క్వాల్’ నమూనాను 1988లో పరశురామన్, జైథామల్, బెర్రీ రూపొందించారు. బ్యాంకులు, టెలిఫోన్ కంపెనీల వంటి సేవల పరిశీలనలోంచి పుట్టిన ఆ పద్ధతి, వినియోగదారుడు ఆశించినదానికీ పొందినదానికీ మధ్య అంతరాన్ని కొలుస్తుంది. అంతరం తగ్గితే సేవ బాగున్నట్టు లెక్క. మరి, ఆశించే అవకాశమే తరతరాలుగా దక్కనివారి మాటేమిటి? ప్రయోగశాలలో పరికరం పనిచేయకపోతే కార్పొరేట్ కళాశాల నుంచి వచ్చిన విద్యార్థి నిలదీస్తాడు. సంక్షేమ వసతిగృహంలో చదివి వచ్చిన తొలితరం విద్యార్థి ‘ఫర్వాలేదు సార్’ అంటాడు. ఈ తేడాను నా తరగతుల్లో చూస్తూనే ఉన్నాను. సర్వే లెక్కలో మాత్రం రెండో విద్యార్థే ఎక్కువ సంతృప్తితో ఉన్నట్టు తేలుతుంది. అణకువను సంతృప్తిగా నమోదు చేసే కొలమానం ఎవరికి మేలు చేస్తుంది?

న్యాక్ 2017లో సవరించిన మూల్యాంకన విధానంలో విద్యార్థి సంతృప్తి సర్వేను చేర్చింది. ఆ ప్రశ్నావళి వయసు, లింగం, కోర్సు అడుగుతుంది. సామాజిక వర్గం అడగదు. అందరి జవాబులనూ కలిపి సగటు తీస్తే వివక్ష ఆ సగటులోనే కరిగిపోతుంది.

అసలు, గేటు బయటే ఆగిపోయినవారు ఏ సర్వేలోనూ ఉండరు. 93వ రాజ్యాంగ సవరణ ద్వారా వచ్చిన 15(5) అధికరణం ప్రైవేటు విద్యాసంస్థల్లో రిజర్వేషన్లకు వీలు కల్పించింది. అన్‌ఎయిడెడ్ సంస్థలకూ అది చెల్లుతుందని 2014లో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అయినా తెలంగాణ 2018 ప్రైవేటు విశ్వవిద్యాలయాల చట్టం స్థానికులకు 25 శాతం సీట్లు కేటాయించి, కుల రిజర్వేషన్ల ఊసెత్తలేదు. ఎస్సీలకు 15, ఎస్టీలకు 7.5, ఓబీసీలకు 27 శాతం రిజర్వేషన్లు కల్పిస్తూ చట్టం చేయాలని పార్లమెంటరీ స్థాయీ సంఘం 2025లో సిఫారసు చేసింది.

ఆ సిఫారసు చట్టరూపం దాల్చాలి. పేర్లు గోప్యంగా ఉంచి, సర్వే ఫలితాలను సామాజిక వర్గాల వారీగా ప్రకటించాలి. చదువు మధ్యలో మానేసినవారి వివరాలనూ వాటి పక్కనే చూపాలి. విద్యార్థి వినియోగదారుడైతే అతనికి దక్కేది ఫీజుకు తగిన సేవ మాత్రమే. పౌరుడైతే సమానత్వాన్ని హక్కుగా అడుగుతాడు. విశ్వవిద్యాలయం జవాబు చెప్పవలసింది ఆ పౌరుడికే.