ఎన్గిడి అడిగిన ప్రశ్న

దక్షిణాఫ్రికాలో నటాల్ బిషప్ జాన్ విలియం కొలెన్సో జులూ నేర్చుకున్నాడు, నిఘంటువు రాశాడు. జులూలు ఆయన్ని సొబాంటు, అంటే జనానికి తండ్రి, అన్నారు. అననివ్వండి. మా పేచీ ఆ బిరుదుతో కాదు.

బైబిల్‌ను జులూలోకి తెస్తుంటే పక్కన కూర్చుని సాయపడినవాడు విలియం ఎన్గిడి అనే జులూ. జలప్రళయం కథ దగ్గర ఆగి, ఇదంతా నిజంగా జరిగిందా అని అడిగాడు. లెక్కల పుస్తకాలు రాసిన బిషప్ అబద్ధమాడలేకపోయాడు. బైబిల్లోని అంకెలు లెక్కగట్టి 1862లో పుస్తకం అచ్చేశాడు. జులూవాడే బిషప్‌ని మార్చేశాడని ఇంగ్లండులో ఎగతాళి చేశారు. అది ఎగతాళా? మాకైతే ఎన్గిడికి దక్కిన గౌరవంలా ఉంది! 1863లో కేప్‌టౌన్ బిషప్ గ్రే ఆయన్ని పదవి నుంచి తీసేశానన్నాడు. లండన్ ప్రివీ కౌన్సిల్ చెల్లదంది.

1874లో హ్లూబీ నాయకుడు లంగలిబలేలేను సర్కారు విచారణ తంతు నడిపి రాబెన్ దీవికి పంపితే, కొలెన్సో ఎదురుతిరిగాడు. పాత స్నేహితుడు షెప్‌స్టన్‌నూ వదులుకున్నాడు. ఆ తెగింపుకు బీజం ఎన్గిడి ప్రశ్నే అంటాం మేము.

మన భాషలో వాచకాలు రాయడానికి వచ్చినవాళ్ల పక్కన మనమూ కూర్చుంటున్నాం. మాటలు చెప్పి లేచొస్తున్నాం, ఏమీ అడగకుండా. తరగతిలో పిల్లవాడు "నిజమేనా సార్?" అంటే "కూర్చోరా" అంటున్నదీ మనమే.