గ్రూపు ఫోటోలో లేనోళ్ళ సంగతేంది?

పదో తరగతి అయిపోయే కాలం వచ్చిందంటే ప్రతి ఊరి హైస్కూల్లోనూ ఒక సభ జరుగుద్ది. తొమ్మిదో తరగతి పిల్లలు చందాలు వేసుకుని పదోళ్ళకి వీడ్కోలు ఇస్తారు. రంగు కాగితాలు కడతారు. హెడ్మాస్టరు గారికి శాలువా కప్పుతారు. అందరూ వరసగా నిలబడి గ్రూపు ఫోటో దిగుతారు. ఆ పిల్లలే పాతికేళ్ళు పోయినాక జుట్టుకి రంగేసుకుని మళ్ళీ అదే బడికి వస్తున్నారు. దీనికి ఆత్మీయ సమ్మేళనం అని పేరు. వేసవి సెలవులకీ సంక్రాంతికీ ఊరూరా ఇదొక తిరణాల అయింది. ఫలానా సంవత్సరం బ్యాచ్ అని ఫ్లెక్సీలు, వాట్సాప్ గ్రూపులు, ఒకే రంగు చొక్కాలు, బఫే భోజనాలు.

చదువుకున్న బడిని తలుచుకోవడం తప్పని మేం అనడం లేదు. పాఠం చెప్పిన పంతులుకి దణ్ణం పెట్టడం తప్పు కాదు. మన పల్లెల పిల్లలు కూడా ఆ సభలకి పోతున్నారు. పోవాలి కూడా. కానీ ఆ స్టేజీ మీద ఒక మాట తప్పకుండా వినపడుద్ది. మైకు అందుకున్న పెద్దమనిషి గొంతు సవరించుకుని, ఆ రోజులే వేరు, మా బడి రోజుల్లో కులం లేదు, మతం లేదు, అందరం ఒక తల్లి పిల్లల్లా పెరిగాం, ఈ కులాల గొడవలన్నీ తర్వాత వచ్చినయ్ అంటాడు. కింద చప్పట్లు మోగుతాయి. మనోళ్ళు కూడా కొడతారు. మా పేచీ ఆ చప్పట్లతోనే.

సోదరులారా, అక్కచెల్లెళ్ళారా! ఆ మాట ఎవరి నోట్లో నుంచి వస్తుందో ఒకసారి చూడండి. కాలికి చెప్పులున్నోడికి దారిలో ముళ్ళున్న సంగతి తెలీదు. అయ్యా, నీ బడిలో కులం లేకపోవడం కాదు. నీ కులం నీకు ఎక్కడా అడ్డం రాలేదు, అంతే. అడ్డం రాకపోగా ముందు బెంచీ ఇప్పించింది, క్లాసు లీడర్ని చేసింది, పంతులు గారి చేత "బాబూ" అని పిలిపించింది. ఎవరికి అడ్డం వచ్చిందో వాళ్ళని అడుగు, చెప్తారు.

ఏం చెప్తారు? బడి ఊడ్చే పనికీ మరుగుదొడ్డి కడిగే పనికీ ఎవరి పిల్లల పేర్లు పిలిచేవాళ్ళో చెప్తారు. మంచినీళ్ళ కుండలో గ్లాసు ఎవరు ముంచాలో, ఎవరు దోసిలి పట్టాలో చెప్తారు. స్కాలర్‌షిప్ ఫారాలు వచ్చిన రోజు "ఎస్సీలందరూ లేచి నిలబడండి" అంటే తలొంచుకుని నిలబడ్డ సంగతి చెప్తారు. "మీకేంట్రా, సర్కారు అల్లుళ్ళు" అని నవ్విన నవ్వు చెప్తారు. పక్కన కూర్చున్న స్నేహితుడి ఇంటికి పుస్తకం కోసం పోతే ఆ స్నేహం గడప దగ్గర ఆగిపోయిన సంగతి చెప్తారు. మంచి పంతుళ్ళు లేరా అంటే ఉన్నారు. జేబులో డబ్బు తీసి పరీక్ష ఫీజు కట్టినోళ్ళున్నారు. వాళ్ళకి మనం రుణపడే ఉన్నాం. కానీ ఒక మంచి పంతులు ఉన్నాడని బడిలో కులం లేదని ఎట్టా అంటాం?

బడి రోజుల్ని ఎట్టా తలుచుకోవాలో మనకి బాబాసాహెబ్ చూపించి పోయాడు. 1907లో ఆయన బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ హైస్కూలు నుంచి మెట్రిక్ ప్యాసయ్యాడు. ఒక అంటరాని పిల్లోడు మెట్రిక్ ప్యాసవడమే వింత. జనం సభ పెట్టి సన్మానం చేశారు. ఎస్.కె. బోలే అధ్యక్షత వహించాడు. కేళూస్కర్ అనే పెద్దాయన తాను రాసిన బుద్ధుడి చరిత్ర కానుకగా ఇచ్చాడు. అదీ వీడ్కోలు సభే కదా! కానీ ఆ సభ బయటి మనుషులు పెట్టింది. బడి పెట్టింది ఏమిటి? నల్లబల్ల మీద లెక్క చేయమని పంతులు పిలిస్తే, బల్ల వెనక పెట్టుకున్న అన్నం డబ్బాలు మైలపడతాయని తోటి పిల్లలు ఉరికి తీసేసుకున్నారు. సంస్కృతం చదువుకుంటానంటే వీల్లేదన్నారు, పారశీకం తీసుకోవాల్సి వచ్చింది. పెద్దయి, పెద్ద చదువులన్నీ చదివి వచ్చినాక ఆయన తన బడిని తలుచుకుని రాసుకున్నాడు. ఏం రాశాడు? ఇంటి నుంచి మోసుకుపోయిన గోనెపట్టా మీద విడిగా కూర్చున్న సంగతి రాశాడు. కుళాయి తాను ముట్టకూడదు, బంట్రోతు వచ్చి తిప్పాలి, బంట్రోతు లేని రోజు నీళ్ళు లేవు. అదీ రాశాడు. నా బడి రోజులు బంగారం అని అబద్ధం చెప్పలేదు. ఉన్నదున్నట్టు చెప్పడం వల్ల ఆయన గౌరవం తగ్గిందా?

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. ఆ స్టేజీ మీదకి రానోళ్ళ సంగతి.

"మా బ్యాచ్" అంటారు. బ్యాచ్ అంటే ఎవరు? పదో తరగతి పరీక్ష రాసినోళ్ళేనా? ఆ పిల్లలతో పాటు ఒకటో తరగతిలో పలక పట్టుకుని కూర్చున్నోళ్ళు బ్యాచ్ కాదా? ఆరో తరగతిలో అదే హైస్కూల్లో పేరు రాయించుకుని, ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో రాలిపోయినోళ్ళు బ్యాచ్ కాదా? అడ్మిషన్ రిజిస్టరు తీయండి. ఒకటో తరగతిలో చేరిన పేర్లు ఒక కాగితం మీద రాయండి. పదో తరగతి నామినల్ రోలు పక్కన పెట్టండి. మొదటి దాంట్లో ఉండి రెండో దాంట్లో లేని పేర్ల కింద గీత గీయండి. ఆ పేర్లు ఏ వీధివో మీకే తెలుసుద్ది. దీనికి ఢిల్లీ నుంచి కమిషన్ రానక్కర్లేదు. మీ ఊరి రిజిస్టరే పెద్ద కమిషన్.

వాళ్ళెక్కడికి పోయారు? "చదువు అబ్బలేదు, మానేశారు" అంటారు. నిజమేనా? పరీక్షలేమో మార్చి నెలలో. గుంటూరు, పల్నాడు మిరప చేలల్లో కోతలేమో జనవరి నుంచి ఏప్రిల్ దాకా. కర్నూలు పడమటి ఊళ్ళ నుంచి సుగ్గి అని సంసారాలకి సంసారాలే లారీలెక్కి వస్తాయి. అమ్మా నాయనా ఇల్లు తాళమేసి పోతే పిల్లోడు ఎవరి దగ్గరుండి చదవాలి? కర్నూలు, మహబూబ్‌నగర్ సీడు పత్తి చేలల్లో 1990ల నుంచి చూశాం. పూలు క్రాసింగ్ చేయడానికి ఆడపిల్లల చిన్న వేళ్ళు కావాలన్నారు. ముందే అడ్వాన్సు ఇచ్చి, ఆ బాకీ కింద పిల్లని చేలో నిలబెట్టారు. ఆ పిల్లకి చదువు అబ్బలేదా, మనం అబ్బనీయలేదా? చిన్నోణ్ణి ఎత్తుకోవడానికి పెద్దపిల్లని మాన్పించారు. పెద్దమనిషి అయిన పిల్ల మరుగుదొడ్డి లేని బడికి పోలేక మానింది. ఇవన్నీ చదువు రాకపోవడం కాదు. చదువుకి దూరంగా నెట్టడం.

చట్టం సంగతి కూడా చూడండి. 2002లో రాజ్యాంగంలో 21ఎ అధికరణం చేర్చారు. 2009లో విద్యా హక్కు చట్టం తెచ్చారు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. చాలా మంచిది. కానీ అది 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకే. అంటే ఎనిమిదో తరగతి దగ్గర హక్కు ఆగిపోయింది. ఇంకోపక్క బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించారు. 14 ఏళ్ళ లోపు పిల్లల్ని పనిలో పెట్టొద్దన్నారు. అందులో కూడా ఇంటి పనికి సందు వదిలారు. 14 దాటితే గనులు, బాణసంచా వంటి ప్రమాదకరమైన పనులే కూడదు, చేలో కూలికి అడ్డం లేదు. రెండు చట్టాలూ పక్కపక్కన పెట్టి చూడండి. 14 నిండగానే చదువు హక్కు వదిలేసింది, కూలిపని పట్టుకుంది. ఆసామి కొడుకు ట్యూషన్లో చేరే వయసూ, మన పిల్లోడు చేలో దిగే వయసూ ఒకటే. మనోళ్ళు తొమ్మిదో తరగతిలో రాలిపోతుంటే అది వాళ్ళ తలరాత అంటున్నారు!

ఇక ఆ సమ్మేళనాల్లో ఇంకో తమాషా ఉంది. బ్యాచ్ తరఫున బడికి ఫ్యాన్లు ఇస్తారు, బీరువా ఇస్తారు, గేటుకి రంగేయిస్తారు. ఇచ్చినోళ్ళ పేర్లు గోడ మీద చెక్కిస్తారు. ఇవ్వండి, పుచ్చుకుంటాం. కానీ ఒక ప్రశ్న. మీ పిల్లలు ఈ బడిలో చదువుతున్నారా? అంత బంగారం లాంటి బడి అయితే మీ బిడ్డల్ని పసుపు బస్సెక్కించి టౌనుకి ఎందుకు పంపుతున్నారు? సర్కారు బడి మన పిల్లలతో నిండేసరికి దానికి "ఎస్సీల బడి" అని పేరు పెట్టి మీరు లేచిపోయారు. కులం లేదని చెప్పిన నోటితోనే. మధ్యాహ్న భోజనం వండే పనిలో దళితులకి ముందు అవకాశం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004లో చెప్పింది. మన ఆడోళ్ళు గరిటె పట్టుకుంటే ఇంటి నుంచి క్యారేజీ కట్టి పంపే ఇళ్ళు ఏ ఊళ్ళో ఉన్నాయో ఆ ఊరోళ్ళకి తెలుసు.

"పాత గాయాలు ఇప్పుడు రేపడం ఎందుకు, నాలుగు రోజుల జీవితం, నవ్వుతూ పోదాం" అంటారు కొందరు. గాయం మానితే మేమూ నవ్వుతాం. మానలేదు గదా! కారంచేడు 1985లో, చుండూరు 1991లో జరిగాయి. అక్కడ కత్తులు పట్టినోళ్ళు కూడా ఏదో ఒక బడిలో చదువుకునే ఉంటారు. "కులం లేని" బడిలోనే! చదువు మన పిల్లలకే కాదు, వాళ్ళకి కూడా సరిగా అందలేదని మా ఫిర్యాదు.

1882లో హంటర్ కమిషన్ ముందు మహాత్మా ఫూలే ఒక లెక్క పెట్టాడు. కష్టజీవుల చెమట నుంచి వచ్చిన పన్ను డబ్బు పెద్ద కులాల చదువుకి పోతున్నదన్నాడు. 1848లోనే సావిత్రీబాయితో కలిసి పూణేలో ఆడపిల్లలకి బడి పెట్టినోడు ఆ మాట అన్నాడు. మనకి అవకాశం దొరికితే ఏం చేస్తామో కూడా లోకం చూసింది. ఎస్.ఆర్. శంకరన్ వంటి అధికారి పట్టుదలతో మన పిల్లలకి సాంఘిక సంక్షేమ గురుకులాలు నిలబడ్డాయి. ఆ గురుకులాల్లో చదివిన గిరిజన బిడ్డ మాలావత్ పూర్ణ, దళిత బిడ్డ ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకి అప్పటికి పద్నాలుగేళ్ళు నిండలేదు. ఆ పిల్లని తొమ్మిదో తరగతిలో మాన్పించి ఉంటే "చదువు అబ్బలేదు" అని రాసి ఉండేవాళ్ళు కాదా?

కార్యకర్తలారా! తిట్టి ఊరుకుంటే పని కాదు. ఈ ఏడు మీ ఊళ్ళో సభ జరిగేటప్పుడు ఈ పనులు చేయండి.

ఒకటి. రిజిస్టరు లెక్క తీయండి. బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలని విద్యా హక్కు చట్టం చెప్తుంది, మన పిల్లల తల్లిదండ్రులకి చోటివ్వాలనీ చెప్తుంది. ఆ హోదాలో అడగండి. లెక్క తీసేటప్పుడు మాల, మాదిగ అని రెండు గళ్ళు గీసి ఊరుకోకండి. రెల్లి, డక్కలి, మాష్టి, చిందు పిల్లలు ఎక్కడున్నారో చూడండి. అందరికంటే ముందు రాలిపోయేది వాళ్ళే.

రెండు. మధ్యలో మానేసినోళ్ళని పేరు పేరునా పిలవండి. తాపీ పని చేస్తున్నా, ఆటో తోలుతున్నా, పాచిపనికి పోతున్నా సరే, వాళ్ళు బ్యాచే. వాళ్ళని స్టేజీ మీద కూర్చోబెట్టండి. ఎందుకు మానాల్సి వచ్చిందో వాళ్ళ నోటితో చెప్పించండి. ఆ రోజు శాలువా ఒకటి వాళ్ళకీ కప్పండి.

మూడు. షీల్డులకీ ఫ్లెక్సీలకీ పెట్టే డబ్బులో సగం, పది తప్పిన పిల్లల సప్లిమెంటరీ ఫీజులకి ఇమ్మని అడగండి. వయసు మీరినోళ్ళకి ఓపెన్ స్కూలు ఉంది. ఫారం నింపి పెట్టే మనిషి లేకే చాలామంది ఆగిపోతున్నారు. ఆ మనిషి మీరు కండి.

నాలుగు. అన్నిటికంటే ముఖ్యం ఇది. ఇప్పుడు ఆరు నుంచి తొమ్మిది చదువుతున్న మన పిల్లల పేర్లు అంబేద్కర్ భవనం గోడ మీద రాయండి. మూడు రోజులు బడికి పోని పిల్లోడి ఇంటికి నాలుగో రోజు సంఘం పోవాలి. సుగ్గికి పోయే ఇంటి పిల్లల్ని హాస్టల్లో చేర్పించే పూచీ సంఘానిది. కులం పేరుతో నలుగురిలో తిడితే 1989 చట్టం ఉందని పిల్లలకీ, పంతుళ్ళకీ కూడా తెలియాలి.

మైకులో "మా బడిలో కులం లేదు" అని ఎవరన్నా అంటే, చప్పట్లు కొట్టబోయే చేతుల్ని ఒక్క క్షణం ఆపండి. లేచి నిలబడండి. ఈసారి స్కాలర్‌షిప్ కోసం తలొంచుకుని కాదు. "అయ్యా, ఒకటో తరగతిలో మనం ఎంతమందిమి? వాళ్ళ పేర్లు చదవండి" అని అడగండి.

జై భీమ్!