మనిషి మానేశాడు, సర్వీసు ఆగింది

మొన్నటి వాన రాత్రి కరెంటు పోయి వచ్చాక, హన్మకొండలో నాకు తెలిసిన ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లో రిపోర్టులు ఆగిపోయాయి. పొద్దున ఎనిమిదింటికి ఓనరు ఫోను. "అన్నా, జర జల్ది రా. రిపోర్టులొస్తలేవ్. షుగరు పేషెంట్లు పరగడుపున వచ్చి కూసున్నరు. నాకెరుకే, ఇది ఆ పిలగాని పనే."

'ఆ పిలగాడు' అంటే, రెండేళ్లు అక్కడ కంప్యూటర్లు చూసుకుని, జీతం దగ్గర మాట తేడా వచ్చి నెల కింద మానేసిన కుర్రాడు. పోతూ పోతూ సర్వర్‌లో ఏదో పెట్టి పోయాడని అనుమానం. నేను వెళ్లేసరికి పోలీస్ స్టేషన్‌లో ఇవ్వడానికి కాగితం కూడా రాసి పెట్టుకున్నాడు. "ఒక్క గంట ఆగు తమ్మీ" అన్నాను.

ఆ సర్వర్ లైనక్స్ మీద నడుస్తుంది. లైనక్స్‌లో తెర వెనక ఎప్పుడూ నడుస్తుండే పనిని 'సర్వీస్' అంటారు. వాటిని మొదలుపెట్టి, ఆపి, కనిపెట్టుకుని ఉండే మేస్త్రీ పేరు సిస్టమ్‌డీ. సర్వీసు ఆగితే ముందు అడగాల్సింది ఈ మేస్త్రీనే. 'సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్' అని అడిగితే 'ఫెయిల్డ్' అని, దాంతో పాటు '217/యూజర్' అని చూపించింది. జర్నల్‌సీటీఎల్‌తో లాగ్ తీస్తే 'ఫెయిల్డ్ టు డిటర్మిన్ యూజర్ క్రెడెన్షియల్స్: నో సచ్ ప్రాసెస్' అని ఉంది.

చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. చివరి మాట పట్టుకుని, ఏ ప్రాసెస్ లేదంటోందో అని వెతుకుతూ పూట గడిపేస్తారు. అసలు కబురు ఆ 217లో ఉంది. 'ఈ పని ఫలానా మనిషి పేరు మీద చేయమన్నారు, ఆ పేరు గలవాడు ఇక్కడ లేడు' అని దాని అర్థం.

సర్వీసు ఫైలు తెరిచా. 'యూజర్' అన్న వరుసలో ఆ కుర్రాడి పేరే ఉంది. 'ఐడీ' కమాండ్‌తో అడిగితే అలాంటి యూజరే లేడంది.

"ఈ అకౌంటు ఎవరు తీసేసిన్రు?"

ఓనరు మేనల్లుడు నసిగాడు. "నేనే సార్. మానేసిండు కదా అని పది రోజుల కింద తీసేసిన. వాడకంల ఉన్నడని వద్దన్నది. నెట్ల చూసి ఫోర్స్ పెట్టిన."

అదీ సంగతి! 'యూజర్‌డెల్' ఊరికే ఒప్పుకోదు. ఆ పేరు మీద పని నడుస్తుంటే అడ్డు చెబుతుంది. మరి ఈ పది రోజులూ ఎలా నడిచిందంటారా? లైనక్స్ లోపల మనుషుల్ని నంబర్లతో గుర్తుపెట్టుకుంటుంది. రూట్‌ది 0. మామూలు మనుషులవి సాధారణంగా 1000 నుంచి మొదలు. పేరు చెరిపేసినా, అప్పటికే నడుస్తున్న పని తన నంబరుతో నడుస్తూనే ఉంటుంది. కరెంటు పోయి, మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చినప్పుడే పేరు వెతుక్కుంది.

అదే పేరుతో మళ్లీ అకౌంటు తెరవొచ్చు. కానీ రోగం అలాగే ఉండిపోతుంది. అందుకే ల్యాబ్ పనికోసమే ఒక సిస్టమ్ అకౌంటు తెరిచి, ఎవరూ లాగిన్ కాకుండా షెల్ 'నోలాగిన్' పెట్టా. సర్వీసు ఫైలులో ఆ పేరు రాసి, 'డీమన్-రీలోడ్' చేసి స్టార్ట్ చేశా. మళ్లీ ఫెయిల్! ఈసారి 'పర్మిషన్ డినైడ్'. చూస్తే ఫైళ్ల యజమాని పేరు ఉండాల్సిన చోట 1001 అని నంబరు. రిపోర్టులన్నీ ఆ కుర్రాడి హోమ్ ఫోల్డర్‌లోనే ఉన్నాయి. మేనల్లుడు ఆ కమాండ్‌కి 'ఆర్' కూడా తగిలించి ఉంటే, రెండేళ్ల రిపోర్టులు ఫోల్డర్‌తో సహా పోయేవి. నాకు చెమటలు పట్టాయి. ముందు కాపీ తీసి, వాటిని వేరే చోటికి మార్చి, సెట్టింగ్‌లలో దారి సరిచేసి, 'చౌన్'తో కొత్త అకౌంటు పేరు మీదకు రాశా. 'యాక్టివ్' అని పచ్చగా కనిపించేసరికి పదిన్నర.

ఆర్టీసీ బస్సు సర్వీసు డిపోది, డ్రైవరుది కాదు. డ్రైవరు రిటైరైతే కాజీపేట బస్సు ఆగదు కదా! సర్వర్‌లో సర్వీసూ అంతే. మీ ఆఫీసులో ఎవరైనా మానేస్తే, అకౌంటు వెంటనే తీసేయకండి. ముందు లాక్ చేయండి, ఎస్ఎస్‌హెచ్ కీలుంటే అవి తీసేయండి. సర్వీసు ఫైళ్లలో, క్రాన్‌లో ఆ పేరు ఎక్కడుందో వెతకండి. 'ఫైండ్' కమాండ్‌తో ఆ మనిషి ఫైళ్లు చూసి చేతులు మార్చండి. లేదంటే, తీసేసిన అకౌంటే చివరిదైతే, అదే నంబరు కొత్తగా చేరినవాళ్లకు రావచ్చు. పాత ఫైళ్లన్నీ అడక్కుండానే వాళ్ల సొత్తవుతాయి. ఆఖరున, పని లేని ఒక ఆదివారం సర్వర్‌ని మీరే రీస్టార్ట్ చేసి చూడండి. కరెంటు పోయేదాకా ఆగొద్దు.

నేను బండి తీస్తుంటే ఓనరు బయటికొచ్చాడు. చేతిలో ఆ కాగితం నాలుగు ముక్కలై ఉంది.

"అన్నా, ఆ పిలగానికి ఆఖరి నెల జీతం నేనింకా ఇయ్యలే" అన్నాడు మెల్లగా. "ఇయ్యాల్నే పంపిస్త."