కంఠంతో కనిపించిన నటుడు

పిల్లలూ, ‘రాముడు’ అనలేక ‘లాముడు’ అనే కుర్రవాడు ప్రతి బడిలోనూ ఒకడుంటాడు. వాడు పాఠం చదవటానికి లేచేసరికి వెనక బల్ల మీద కిసకిసలు మొదలవుతాయి. ఉద్యోగం చేసినంత కాలం నేనిది చూస్తూనే ఉన్నాను. అలా నోరు తిరగని ఒక కుర్రవాడి సంగతి ఈ నెల చెబుతాను.

అతని పేరు విలియమ్ క్లాడ్ రెయిన్స్. 1889లో లండన్ నగరంలో పుట్టాడు. అతనికి ‘ర’ పలికేది కాదు. పేరేమిటని అడిగితే ‘విల్లీ వెయిన్స్’ అనేవాడు. దానికి తోడు నత్తి. అది చాలనట్టు, పెద్దమనుషులు చిన్నచూపు చూసే లండన్ పేదపేటల యాస ఒకటి.

1900లో, పదేళ్ళవాడు, ఒక నాటకంలో పిల్లల గుంపులో ఒకడై రంగస్థలం ఎక్కాడు. తరవాత హిజ్ మెజెస్టీస్ అనే నాటకశాలలో పనికి కుదిరాడు. వేషధారులను వేళకు పిలవటం, తెరచాటున నిలబడి, మాట మరిచిపోయినవారికి అందించటం అతని పని. ఆ నాటకశాల యజమాని సర్ హెర్బర్ట్ ట్రీ గొప్ప నటుడు. ఆయన ఈ కుర్రవాడిలో ఏదో ఉన్నదని కనిపెట్టి, ఉచ్చారణ నేర్చుకునేందుకు పుస్తకాలిచ్చాడు, చెప్పేవారికి జీతం కూడా తానే కట్టాడు. రెయిన్స్ పట్టు వదలకుండా సాధన చేశాడు. ‘ర’ వచ్చింది, నత్తి పోయింది, యాస కూడా పోయింది. యాస ఎందుకు పోవాలని మీరడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కాని రాజు వేషానికి పేదపేట యాస పనికిరాదని ఆ రోజుల్లో అక్కడివారు అనుకునేవారు.

మొదటి ప్రపంచయుద్ధంలో ఆయన సిపాయిగా చేరి కాప్టెన్ అయ్యాడు. విషవాయువు మూలంగా ఒక కంటి చూపు దాదాపు పోయింది. తిరిగివచ్చి మళ్ళీ నాటకాలలో చేరాడు. ట్రీ 1904లో స్థాపించిన నాటక విద్యాలయంలో పాఠాలు కూడా చెప్పాడు. ఆయన దగ్గర చదువుకున్నవారిలో జాన్ గీల్‌గుడ్ ఒకడు. 1982 నాటి ‘గాంధీ’ చిత్రంలో వైస్రాయి ఇర్విన్ వేషం ఈ గీల్‌గుడ్‌దే. మీ పెద్దలు చూసే ఉంటారు.

నలభై దాటాక రెయిన్స్ అమెరికా చిత్రాలలో ప్రవేశించాడు. మొదటిది, 1933లో వచ్చిన ‘ది ఇన్విజిబుల్ మాన్’. హెచ్. జి. వెల్స్ నవలే దానికి ఆధారం. ఒక శాస్త్రజ్ఞుడు ఏదో మందు కనిపెట్టి, దాని మూలంగా ఎవరికీ కనిపించకుండా పోతాడు.

కనిపించని మనిషిని ఫొటో తీయటమెలా? జాన్ ఫుల్టన్ అనే నిపుణుడు ఉపాయం పన్నాడు. నల్లని మఖమలు గుడ్డ పరిచిన చోట, తల నుంచి కాళ్ళదాకా నల్ల మఖమలే కప్పిన మనిషిని నిలబెట్టి, పైన మామూలు చొక్కా తొడిగారు. నల్ల మఖమలు వెలుతురును తాగేస్తుంది, వెనక్కు పంపదు. అందుచేత ఫిల్ములో చొక్కా ఒక్కటే పడింది! ఆ ఫిల్మును గది బొమ్మ తీసిన ఫిల్ముతో కలిపేసరికి, ఖాళీ చొక్కా గదిలో తిరుగుతున్నట్టే ఉంది.

ముఖానికి కట్లు, లేదా ముఖమే లేదు. ఇక నటుడికి మిగిలిందేమిటి? కంఠం! కోపమూ, గర్వమూ, పిచ్చినవ్వూ, భయమూ అన్నీ రెయిన్స్ కంఠంలోనే పలికించాడు. చివరికి ఆస్పత్రి మంచం మీద ప్రాణం పోయాక, మందు ప్రభావం తగ్గి, ముఖం మెల్లగా కనిపిస్తుంది. చిత్రం మొత్తంలో ఆయన ముఖం చూసేది అప్పుడే.

ఆ తరవాత ‘కాసాబ్లాంకా’ వంటి చిత్రాలలో మంచి వేషాలు వేశాడు. ఆస్కార్ బహుమతికి నాలుగుసార్లు ఆయన పేరు వచ్చింది, ఒక్కసారీ బహుమతి రాలేదు. నన్నడిగితే, ‘కాసాబ్లాంకా’కు ఇచ్చి ఉండవలసింది. 1962లో వచ్చిన ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’లో కూడా ఆయన కంఠం వినవచ్చు. 1967లో, 77వ ఏట చనిపోయాడు.