వంత పాడినవాళ్ళ పేర్లేవి?

సావనీరుకి ఏదైనా రాసిమ్మని సంపాదకవర్గం మిత్రులు అడిగినప్పుడు నా దగ్గర ఏముంది రాయడానికి అనుకున్నాను. కవిత్వం నాకు చేతకాదు. పరీక్షల విధానం మీద ఏటేటా ఎవరో ఒకరు వ్యాసం రాస్తూనే ఉన్నారు, పరీక్షలు మాత్రం అలాగే జరుగుతున్నాయి. అందుచేత హాస్టల్లో జరిగిన ఒక చిన్న ఓటమి గురించి రాస్తున్నాను. ఓడినవాడిని నేనే కనుక ఎవరికీ అభ్యంతరం ఉండదనుకుంటాను.

నా రూమ్మేటు విశాఖపట్నం కుర్రవాడు. డేవిడ్ బోవీ అనే ఇంగ్లీషు గాయకుడంటే ప్రాణం పెడతాడు. బోవీ 2016 జనవరి 10న పోయాడు. మావాడు అప్పటికి స్కూలు పిల్లవాడు. అయినా సొంత మేనమామ పోయినట్టు మాట్లాడతాడు. ఒక రాత్రి కరెంటు పోయింది. దోమలతో పాటు మావాడి ఉపన్యాసమూ మొదలయింది. ఆర్ట్ రాక్ అంటే ఉత్త పాట కాదట. పాటా, కథా, వేషమూ, నాటకమూ కలిసిన వ్యవహారమట.

"ఓస్, ఇంతేనా! అయితే మా ఉద్దానంలో జముకుల కథ కూడా అదే కదా. మా వంగపండు చేసింది కూడా అదే కదా" అన్నాను.

వాడు నవ్వలేదు. కుతూహలంగా లేచి కూర్చున్నాడు. బోవీ వెనక వాయించినవాళ్ళ పేర్లు వరసగా చెప్పాడు: గిటారు మిక్ రాన్సన్, బేస్ ట్రెవర్ బోల్డర్, డ్రమ్స్ వుడీ వుడ్‌మన్సీ. 1973 జూలై 3న లండన్ హామర్‌స్మిత్ ఓడియన్లో, ఇదే మా చివరి ప్రదర్శన అని బోవీ వేదిక మీద ప్రకటించాడట. ఆ సంగతి బోల్డర్‌కీ, వుడ్‌మన్సీకీ కూడా అంతవరకూ తెలియదట. అంటే తమ ఉద్యోగం పోయిందని జనంతో పాటే వాళ్ళూ విన్నారన్నమాట! యాభై ఏళ్ళు దాటినా అభిమానులు ఆ అన్యాయాన్ని మరచిపోలేదు.

"సరే, మీ వంగపండు వెనక డప్పు కొట్టింది ఎవరు? వంత పాడింది ఎవరు?" అని అడిగాడు.

నాకు ఒక్క పేరూ రాలేదు. కరెంటు వచ్చింది. నా ముఖం వాడికి కనిపించడం నాకు ఇష్టం లేకపోయింది.

వంగపండు ప్రసాదరావు ఎవరో తెలియని పాఠకులు ఉండరనుకుంటాను. అయినా చిన్నవాళ్ళ కోసం నాలుగు మాటలు. 1943లో పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టాడు. విజయనగరం జిల్లా ఏర్పడింది 1979 జూన్‌లో. అంతవరకూ పార్వతీపురం మా శ్రీకాకుళం జిల్లాలోదే. అందుకే మా పెద్దలు ఇప్పటికీ ఆయన్ని "మన జిల్లావోడే" అంటారు. విశాఖ షిప్‌యార్డులో కార్మికుడిగా పనిచేశాడు. యంత్రం మీద ఆయన కట్టిన పాటలో యంత్రం చప్పుడు అంత సరిగ్గా పలకడానికి కారణం ఆ చప్పుడు మధ్య నిలబడి పనిచేయడమే అనుకుంటాను. 1972లో పుట్టిన జననాట్యమండలికి మూలస్తంభాల్లో ఒకడు. వందల పాటలు రాశాడు, కాళ్ళకు గజ్జె కట్టి ఆడుతూ పాడాడు. 2020 ఆగస్టు 4న కన్నుమూశాడు. కరోనా రోజులు కావడంతో మా ఊరివాళ్ళు ఆఖరిచూపుకు పోలేకపోయారు. ఆ ఏడాది మార్చిలోనే 'పలాస 1978' సినిమా వచ్చింది. జీడిపప్పు ఊళ్ళోని జానపద కళాకారులే ఆ కథలో నాయకులు. తెర మీద మా ఊళ్ళ పాట విని ఈలలు వేసిన కుర్రాళ్ళు, అయిదు నెలలు తిరిగేసరికి ఫోన్లలో వంగపండు పాటలు పెట్టుకుని వింటూ కూర్చున్నారు.

ఆయనంటే మాకు ఎందుకంత ఇష్టం? రాజకీయాలు ఒక కారణం కావచ్చు, కాకపోవచ్చు. మా ఇంట్లో కాంగ్రెసు వారూ తెలుగుదేశం వారూ కూడా ఆయన పాట పాడుతూనే నాట్లు వేశారు. అసలు కారణం భాష. సినిమాల్లో మా యాస ఎవరికి ఇస్తారు? పనిమనిషికి, లేకపోతే తన్నులు తినే హాస్యగాడికి. నేను ఈ కాలేజీలో చేరిన మొదటి వారంలో క్లాసులో "ఏటండి?" అన్నాను. వెనక బెంచీలన్నీ నవ్వాయి. ఆ రోజు నుంచి ఏడాది పాటు చాలా జాగ్రత్తగా "ఏమిటండి" అన్నాను. అలాంటి భాషతో 'ఏం పిల్లడో ఎల్దమొస్తవ' అని ఒక మనిషి మైకు ముందు నిలబడి తల ఎత్తి పాడాడు. 1986లో 'అర్ధరాత్రి స్వాతంత్ర్యం' సినిమాతో ఆ పాట వెండితెరకూ ఎక్కింది. మా అమ్మ మాట్లాడే మాట లౌడ్ స్పీకర్లో మర్యాదగా వినబడింది. ఇది చిన్న సంగతి కాదని మనవి.

అయితే ఈ దారి వంగపండుతో మొదలు కాలేదు. మా ఉద్దానంలోనే బొడ్డపాడు అనే ఊళ్ళో సుబ్బారావు పాణిగ్రాహి ఉండేవాడు. ఒరియా కుటుంబంలో పుట్టి, గుడిలో అర్చకత్వం చేసుకునేవాడు. అమ్మవార్ల కథలు చెప్పే జముకుల కథను తీసుకుని దానితో కూలీల కథలు, రైతుల కథలు చెప్పాడు. 1969 డిసెంబరు 22న పోలీసు కాల్పుల్లో మరణించాడు. ఆయన నమ్మిన మార్గాన్ని ఒప్పుకునేవారు ఉంటారు, ఒప్పుకోనివారు ఉంటారు. ఒప్పుకోనివారిలో మా తాత ఒకడు. కాని ఆయన కథ చెబుతుంటే వినకుండా లేచిపోయినవాణ్ణి మాత్రం చూడలేదని ఆ తాతే అనేవాడు.

జముకు చూడనివారికి చెప్పాలి. బోలుగా ఉండే చిన్న గుమ్మటం, ఒక వైపు తోలు. ఆ తోలు నడిమి నుంచి ఒక తీగ. తీగను ఒక చేత్తో బిగించి, వదిలి, మళ్ళీ బిగిస్తూ మీటితే స్వరం సాగుతుంది, వంగుతుంది, మూలుగుతుంది. మా రూమ్మేటు గిటారు తీగను వేలితో నొక్కి పైకి తోస్తే వచ్చే ఆ వంపునే చూపించి పరవశించిపోతాడు. మా ఊళ్ళో అది పుట్టినప్పటి నుంచీ విన్నాం. కథ చెప్పేవాడు ఒకడు ముందుంటే, పక్కన వంతలు ఉండాలి. "ఆహా", "ఔనౌను", "తర్వాతేటి?" అనేవాళ్ళు వాళ్ళే. కథకుడు ఊపిరి తీసుకునేది వాళ్ళు పాడినప్పుడే. వంత లేకపోతే రెండో చరణానికి కథకుడి గొంతు పోతుంది. ఇది ఎవరు కాదన్నా నిజం.

సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు రూమ్మేటు ప్రశ్నను మూట కట్టుకుని వెళ్ళాను. మా పెదనాన్న వంగపండుకు వీరాభిమాని. పలాసలో ఆయన పాడినప్పుడు ఊరి నుంచి నడిచి వెళ్ళాడట. ఆ రాత్రి పెట్రోమాక్సు లైట్లని పెదనాన్న అంటాడు. ట్యూబులైట్లేనని మా పిన్ని వాదం. పిన్ని కాశీబుగ్గ జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొడుతుంది. జీడినూనె అంటి వేళ్ళు నల్లగా ఉంటాయి. ఆ వేళ్ళతోనే గజ్జె అడుగు ఎలా పడిందో చాప మీద తాళం వేసి చూపించింది. తన పెళ్ళికి ముందని పెదనాన్న, కాదు తర్వాతని పిన్ని. లైట్లూ తేదీలూ ఒక్కటీ కుదరలేదు కాని, ఏ చోట జనం లేచి నిలబడ్డారో మాత్రం ఇద్దరూ ఒకే చరణం చెప్పారు. అభిమానుల జ్ఞాపకం అంటే ఇదేననుకుంటాను. కొలతలు తప్పుతాయి, గుండె తప్పదు.

పెదనాన్న దగ్గర ఒక రేకు పెట్టె నిండా క్యాసెట్లు ఉండేవి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను మా మీద పడింది. తాతలు వేసిన కొబ్బరిచెట్లూ జీడిమామిడి తోటలూ ఒక్క పూటలో నేలకూలాయి. ఇంటి కప్పు లేచిపోయి పెట్టె తడిసి ముద్దయింది. తోటలకు నష్టం రాసుకోవడానికి మనుషులు వచ్చారు. క్యాసెట్లకు ఏ కాగితంలోనూ గడి లేదు. వాటిలో కొనుక్కున్నవి పోతే పోయాయి, మళ్ళీ దొరుకుతాయి. మా ఊరి కుర్రాళ్ళే ఒక జట్టు కట్టి, వంగపండు పాటలు నేర్చుకుని, చుట్టుపక్కల ఊళ్ళల్లో పాడినవి రెండు క్యాసెట్లు ఉండేవట. అవి ప్రపంచంలో మరెక్కడా లేవు.

"ఆ జట్టులో డప్పెవరు పెదనాన్నా?" అని అడిగాను.

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "ఒరే నాయినా, ఆ దినాల్లో పేర్లు సెప్పకూడదనుకునీవోళ్ళం. ఎవుడు పాడినాడు అని ఎవుడైనా అడిగితే, సీకటి బాబూ, ఆనవాలు తెల్లేదు అనీసీవోళ్ళం. అలగ అలగ మాకే పేర్లు పోనాయి."

ఈ మాట దగ్గర నేను ఆగిపోయాను. అంతవరకూ నేను మావాళ్ళను నిర్లక్ష్యపు మనుషులనుకున్నాను. అభిమానం ఉంది కాని శ్రద్ధ లేదనుకున్నాను. కాదు. ఒకప్పుడు పేరు మరచిపోవడమే ప్రేమ. పేరు చెబితే ఆ ఇంటి తలుపు అర్ధరాత్రి ఎవరు తడతారో అన్న భయం ఉన్న రోజులవి. పెద్ద పేరు ఎలాగూ దాగదు. దాచగలిగినవి చిన్న పేర్లు. వాటిని కాపాడటానికే దాచారు. అయితే ఆ భయం పోయి ఎన్ని ఏళ్ళయింది? అలవాటు మాత్రం పోలేదు. కాపాడటానికి మొదలుపెట్టిన మౌనం చివరకు పాతిపెట్టడంగా మారింది.

ఆ డప్పు మనిషి పేరు పెదనాన్నకు మర్నాడు పొద్దున గుర్తొచ్చింది. మా ఊరివాడే. కిడ్నీ జబ్బుతో పోయి కొన్నేళ్ళయింది. ఉద్దానంలో ఆ జబ్బు సంగతి నేను చెప్పనవసరం లేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధనా కేంద్రం ప్రారంభమయ్యాయి. కాని పోయినవాళ్ళు పోయారు, వాళ్ళ తలల్లోని తాళాలూ పోయాయి. మేమిద్దరం ఆయన ఇంటికి వెళ్ళాం. కోడలు మా పిన్నితో పాటు పిక్కలు కొట్టే ఆవిడే. మామగారు డప్పు కొట్టేవాడని ఆమెకు తెలియదు. "మా మావ డప్పు కొట్టీవోడా? ఎప్పుడూ ఒక్క పాట పాడగా యిన్నేదు" అని తెల్లబోయింది. తర్వాత లోపలికి వెళ్ళి పిల్లల్ని పిలుచుకొచ్చి, "ఇప్పుడు సెప్పు బావా, మళ్ళీ సెప్పు" అని పెదనాన్నను కూర్చోబెట్టింది. పేరు అచ్చులో వేయవచ్చునా అని అడిగితే, ఇంటాయన వలస నుంచి వచ్చాక అడిగి చెబుతానంది. అందుకని ఇక్కడ వేయడం లేదు. నా నోటు పుస్తకంలో మాత్రం తేదీతో సహా రాసుకున్నాను.

ఇక్కడ ఒక వాదం వస్తుందని తెలుసు. ఈ పాటలు ప్రజలవి, వ్యక్తుల పేర్లతో పనేమిటి అని విజ్ఞులు అంటారు. వినడానికి చాలా బాగుంటుంది. అయితే అందరి పేర్లూ తీసివేయాలి కదా! ముందు నిలబడినవాడికి విగ్రహం, వర్ధంతి, దండ. వెనక నిలబడినవాడికి మాత్రం "ప్రజలు" అనే పెద్ద మాట. డప్పు, జముకు పట్టిన చేతులు చాలావరకు ఏ వాడల నుంచి వచ్చాయో కూడా మనకు తెలుసు. ఆ వాడల పేర్లు మరచిపోవడం ఈ దేశంలో కొత్త కాదు. సమానత్వం గురించిన పాటలోనైనా ఆ మరపు లేకుండా ఉంటే బాగుండేది.

వంగపండును తక్కువ చేయడానికి ఇది రాయలేదు. జనంలో కూర్చున్న చివరి మనిషిని కూడా కోరస్‌లోకి లాగిన గాయకుడు ఆయన. ఆయన పాటలో వంతకు అంత చోటు ఉంది గనకనే, వంత పాడినవాడి పేరు అడగడం ఆయన పట్ల నిజమైన అభిమానం అనుకుంటున్నాను.

మిత్రులకు నా మనవి చిన్నది. టెక్కలి, మందస, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు నుంచి ఈ కాలేజీకి వచ్చినవాళ్ళం చాలామందిమి ఉన్నాం. సెలవులకు వెళ్ళినప్పుడు ఒక్కొక్కరు ఒక్క ముసలివారి దగ్గర కూర్చుందాం. ఎవరు పాడారు, డప్పెవరు, జముకెవరు, ఏ చరణానికి జనం లేచారు. ఈ నాలుగూ రాసుకుందాం. ఫోను అందరి జేబులోనూ ఉంది, జముకు మోత ఎక్కడ వినబడినా పట్టుకుందాం. ఇంటివాళ్ళు ఒప్పుకుంటేనే పేరు బయట పెడదాం. ఆ కాగితాలు మన కాలేజీ లైబ్రరీలో ఒక బీరువా అరలో ఉంటే చాలు. లెక్చరర్లు కాస్త మాట సాయం చేస్తే అర దొరక్కపోదు. పూర్వవిద్యార్థుల్లో ఆ జట్లలో పాడినవారే ఉండవచ్చు. ఉంటే దయచేసి ఒక ఉత్తరం ముక్క రాయండి.

రూమ్మేటుకు తిరిగి వచ్చాక ఒక పేరు చెప్పాను. వాడు బోవీ బృందం పేర్లు రాసుకున్న పుస్తకంలోనే, వాటి కింద గీత గీసి, ఆ పేరు రాసుకున్నాడు. స్పెల్లింగు అడిగాడు. మా యాసలో ఎలా పలుకుతామో అలాగే చెప్పాను.