సమీక్షా వ్యాసానికి పట్టిన జాడ్యం

చరిత్ర రంగంలో వెలువడుతున్న విద్వత్పత్రికలలో సమీక్షా వ్యాసమనే శీర్షిక క్రింద తరచుగా కనిపించేది ఒక జాబితా. ఫలానా పండితుడు ఈ విధంగా అభిప్రాయపడ్డాడు, మరొకరు దానితో విభేదించారు, వేరొకరు మధ్యేమార్గం సూచించారు, ఈ విషయమై ఇంకను పరిశోధన జరగవలసి ఉన్నది. ఇంతటితో వ్యాసం సమాప్తమవుతుంది. ఎవరి వాదం నిలుస్తుంది, ఎవరిది నిలవదు, ఏ ఆధారం వల్ల అన్న ప్రశ్నకు మాత్రం సమాధానం దొరకదు. నలభై గ్రంథాల పేర్లు చదివిన పాఠకుడు తాను బయలుదేరిన చోటనే ఉండిపోతాడు. ఈ పనికి గ్రంథాలయంలోని సూచికార్డులు చాలును, చరిత్రకారుడు అక్కరలేదు.

గ్రంథ సమీక్ష ఒక పుస్తకాన్ని పరిచయం చేస్తుంది. సమీక్షా వ్యాసం ఒక సమస్యను ముందుంచుకొని, దానికి ఒక తరం పండితులు ఇచ్చిన సమాధానాలను పరీక్షిస్తుంది. కనుక దాని రచయితకు మూడు బాధ్యతలున్నాయి. ప్రత్యర్థి వాదాన్ని అతడే ఒప్పుకొనేంత న్యాయంగా, దాని పూర్తి బలంతో చెప్పడం మొదటిది. ఆ వాదానికి పునాదియైన మూలాధారాలను స్వయంగా తెరచి చూడడం రెండవది. కారణాలు చూపి తీర్పు చెప్పడం మూడవది. నేడు మొదటిది అరకొరగా జరుగుతున్నది. తక్కిన రెండును జరగడం లేదు.

ఈ ప్రక్రియ ఎంతటి పని చేయగలదో తెలియడానికి ఒక ఉదాహరణ చాలు. 1980లో బర్టన్ స్టైన్ దక్షిణ భారత మధ్యయుగ రాజ్యాన్ని గూర్చిన తన బృహద్గ్రంథాన్ని ప్రకటించాడు. చోళ రాజ్యం నీలకంఠశాస్త్రి వర్ణించినట్టి కేంద్రీకృత సామ్రాజ్యం కాదని, రాజధాని పరిసరాలకు వెలుపల రాజుకున్నది ప్రధానంగా కర్మకాండ సంబంధమైన ఆధిక్యమేనని, నిజమైన అధికారం 'నాడు' అనే స్థానిక వ్యవస్థలదని అతని వాదం. తూర్పు ఆఫ్రికా సమాజాలను పరిశీలించిన ఐడన్ సౌథాల్ భావన దానికి ఆధారం. మరుసటి సంవత్సరమే, 1981లో, 'ఇండియన్ ఎకనామిక్ అండ్ సోషల్ హిస్టరీ రివ్యూ'లో ఆర్. చంపకలక్ష్మి దానిపై సమీక్షా వ్యాసం వ్రాశారు. ఆమె స్టైన్ అధ్యాయాలను సంగ్రహించి ఊరకుండలేదు. సిద్ధాంతాన్ని తమిళ శాసనాల ఎదుట నిలబెట్టి ప్రశ్నించారు. ఆమెతోపాటు మరికొందరు సాగించిన ఆ చర్చ ఎంత దూరం పోయినదంటే, తరువాతి కాలంలో స్టైన్ తన సిద్ధాంతాన్ని తానే పునఃపరామర్శించుకొన్నాడు. నేడు చోళ రాజ్య స్వభావాన్ని గూర్చి వ్రాసేవారెవ్వరూ ఆ చర్చను దాటిపోలేరు. సమీక్షా వ్యాసం రెండవ తరగతి రచన అనేవారికి ఇంతకన్న వేరు సమాధానం అక్కరలేదు.

తీర్పు చెప్పడానికి యువ పరిశోధకులు జంకడానికి ఒక కారణం వినవస్తుంది: పెద్దలను కాదనడం మర్యాద కాదట. ఈ మర్యాద విద్యకు చేటు. 1965లో ఆర్.ఎస్. శర్మ భారతీయ ఫ్యూడలిజాన్ని గూర్చి ప్రతిపాదించిన సిద్ధాంతానికి విశేషమైన ప్రతిష్ఠ ఏర్పడింది. అయినను 1979లో వాల్తేరులో జరిగిన భారత చరిత్ర కాంగ్రెసులో హర్బన్స్ ముఖియా, భారత చరిత్రలో అసలు ఫ్యూడలిజం ఉన్నదా అని ప్రశ్నించారు. శర్మ అలగలేదు; 1985లో సవిస్తరంగా సమాధానం వ్రాశారు. ఆ వివాదం వల్ల ఇరువురిలో ఎవరి గౌరవమూ తగ్గలేదు. భూదానాలు, రైతు స్వాతంత్ర్యం, పట్టణాల క్షీణత మొదలైన విషయాలపై తరువాతి పరిశోధన అంతా పదునెక్కింది. పెద్దల కృషికి నిజమైన గౌరవం దానిని పరీక్షకు నిలపడమే.

రెండవ లోపం మరింత తీవ్రమైనది. ఆంగ్లంలో అచ్చైనదే విద్వత్తు అన్నట్లు ఈ వ్యాసాలు సాగుతున్నాయి. కాకతీయ యుగాన్నే తీసుకొనవచ్చును. సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' 1949లో వెలువడింది. 1955లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందింది. 'క్రీడాభిరామము' వంటి కావ్యాల నుండి సామాన్యుల తిండి, బట్ట, వినోదాలు, వృత్తులు ఏరి కూర్చిన గ్రంథమది. 2001లో సింథియా టాల్బట్ అదే యుగపు శాసనాలలోని దాతలను పరిశీలించి, ఆనాటి సమాజంలో హోదా కేవలం జన్మను బట్టి స్థిరపడలేదని వాదించారు. ఈ రెండింటిని ఎదురెదురుగా ఉంచి పరీక్షించడమే నిజమైన సమీక్ష. శాసనంలో దానమిచ్చినవాడు కనిపిస్తాడు. ఇవ్వడానికి ఏమీ లేనివాడు కనిపించడు. కావ్యంలో వీధిలోని మనిషి కనిపిస్తాడు, కాని కవి కంటితో. పైగా అట్టి కావ్యాలు కొన్ని 1323లో కాకతీయ రాజ్యం పతనమైన తరువాతివి. ఒక ఆధారం కొరతను రెండవది ఎంతవరకు తీర్చగలదు? తెలుగు చదవనివాడికి ఈ ప్రశ్నయే పుట్టదు. తెలుగు చదవగలిగియు ఆంగ్ల గ్రంథాలనే పేర్కొనేవాడి అపరాధం అంతకన్న పెద్దది.

ఇన్ని భాషలున్న దేశంలో ఏ ఒక్కరూ అన్నింటిని చదవలేరు. తమిళ, కన్నడ, మరాఠీ, తెలుగు భాషలలో జరిగిన కృషిని పరస్పరం చేరవేయగల వంతెన సమీక్షా వ్యాసమే. ఆ వంతెన మీద ఆంగ్లానికి మాత్రమే దారి విడిస్తే, దేశభాషల చరిత్రకారుల జీవితకాల శ్రమ అటకెక్కుతుంది.

ఈ జాడ్యానికి పరిపాలనలోనూ మూలమున్నది. 2010లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం నియమావళి అధ్యాపకుల నియామకాలను, పదోన్నతులను ప్రచురణల మార్కులతో ముడిపెట్టింది. వ్యాసం ఏమి చెప్పినదన్నది వెనుకబడి, ఎన్ని వ్యాసాలన్నది ముందుకు వచ్చింది. నాసిరకం పత్రికలు పుట్టగొడుగుల వలె మొలిచాయి. వాటిని అరికట్టడానికి 2019లో అమలులోకి తెచ్చిన 'కేర్' పత్రికల జాబితాను 2025లో సంఘమే రద్దు చేసి, పత్రికల మంచిచెడ్డలు నిర్ణయించే భారాన్ని విద్యాసంస్థలకు అప్పగించింది. మార్కులు లేకుంటే పక్షపాతం రాజ్యమేలుతుందని కొందరు అధికారుల వాదన. ఆ భయం నిరాధారమైనది కాదు. అయితే చదవకుండా లెక్కించడం పక్షపాతానికి విరుగుడు కాజాలదు; అది బాధ్యత నుండి తప్పుకొనడం మాత్రమే.

బాధ్యత విద్యాసంస్థల చేతికి వచ్చిన ఈ తరుణంలో చేయదగిన పనులు కష్టసాధ్యమైనవి కావు. ఎంపిక సంఘాలు అభ్యర్థి వ్యాసాల సంఖ్య అడగడం మాని, అతడు ఎంచిన ఒక్క వ్యాసాన్ని చదివి ప్రశ్నించాలి. మంచి సమీక్షా వ్యాసాన్ని మౌలిక పరిశోధనతో సమానంగా పరిగణించాలి. సంపాదకులు తీర్పు లేని వ్యాసాన్ని, ఆ ప్రాంతపు భాషలోని కృషిని విస్మరించిన వ్యాసాన్ని రచయితకు తిప్పి పంపాలి. ఆధారాలను తూచి నిర్ణయం చెప్పడం నేర్వని పరిశోధకుడు రేపు ఆచార్యుడై మరికొందరికి ఆ భయాన్నే నేర్పుతాడు. జాబితాల వల్ల జరిగే నష్టం కాగితపు వృథాతో ఆగదు.